ఉప్పు పుట్టని సీమ

(సూరతు నగరమున మన సంఘ సభ్యుల, వారి కుటుంబముల సమావేశములో చేసిన ప్రసంగము)



భూగోళమును గూర్చి నాలుగు మాటలు చెప్పుమని మీ కార్యదర్శిగారు వ్రాసినప్పుడు నేను కొంత వెనుదీసితిని. నేను సాహిత్యము, చరిత్ర చదువుకొని సచివాలయములో చేరినవాడను. రాతిని సుత్తితో కొట్టి దాని వయస్సు చెప్పగల విద్య నాకు రాదు. అయినను ప్రభుత్వ కార్యాలయమున కూర్చున్నవానికి భూగోళము తప్పదు. చెరువుకట్టకు మరమ్మతు అన్నను, గనికి అనుమతి అన్నను, కరవు సహాయము అన్నను, ఆ దస్త్రమును విప్పుచు పోగా అడుగున కనబడునది నేల యొక్క వాలే. అందుచేత తీరము లేని ఒక సీమను గూర్చి, మన తెలంగాణమును గూర్చి, నేడు ముచ్చటింపదలచితిని.

ఉప్పుతో మొదలు పెట్టెదను. ఈ నగరమునకు దక్షిణముగా, కొలది దూరమున, సముద్రపుటొడ్డున దండి అను గ్రామము కలదు. ఇప్పుడది నవసారి జిల్లాలోనిది. ఆనాడు సూరతు జిల్లాలోనిది. 1930 ఏప్రిల్ 6న గాంధీమహాత్ముడు అచ్చట ఒంగి పిడికెడు ఉప్పు తీసెను. దేశమున తయారగు ఉప్పులో నాలుగింట మూడు వంతులకు పైగా ఈ గుజరాతు నుండియే వచ్చుచున్నది. ఇచ్చటి పిల్లలకు ఉప్పు వింత కాదు. కాని తెలంగాణమున ఉప్పు పుట్టదు. చవిటి నేలల నుండి తీసిన మట్టి ఉప్పు కొంత ఉండెడిది. మంచి ఉప్పు మాత్రము తూర్పుతీరము నుండి లంబాడీల ఎద్దుల మీద నెక్కి కనుమలు దాటి రావలసినదే. రైలు రాకముందు, గంజిలో వేసికొను ఉప్పురాయి వెనుక అంత ప్రయాణముండెడిది. తీరము లేకపోవుట అనగా ఏమో తెలిసికొనుటకు ఇంతకన్న దగ్గర ఉదాహరణము లేదు.

ఆ సీమకు సముద్రము మొదటి నుండియు లేకపోలేదు. గోలకొండ సుల్తానులకు మచిలీపట్నము రేవు ఉండెను. ఇంగ్లీషువారు 1611లో మచిలీపట్నమున దిగిరి. 1613లో సూరతులో వారి వర్తకశాలకు మొగలు చక్రవర్తి అనుమతి లభించినది. పదునేడవ శతాబ్దిలో తావెర్నియే అను ఫ్రెంచి రత్నవర్తకుడు ఈ సూరతులో దిగి గోలకొండకు వెళ్లి, ఆ మార్గమును తన యాత్రాగ్రంథమున వర్ణించెను. పడమటి సముద్రమున సూరతు, తూర్పు సముద్రమున మచిలీపట్నము, నడుమ గోలకొండ. అనగా మన పీఠభూమి ఆనాడు మారుమూల కాదు, రెండు సముద్రముల నడుమ నడిబజారు.

పిదప 1766లో ఉత్తర సర్కారులు నిజాము చేతి నుండి ఇంగ్లీషువారికి పోయినవి. 1788లో గుంటూరు సీమయు పోయినది. ఒక్క కొండయు కదలలేదు, ఒక్క నదియు దారి మార్చలేదు. కాగితము మీద సంతకముతో ఒక రాజ్యమునకు సముద్రము పోయినది. 1802 నాటి వర్తక సంధిలో మచిలీపట్నము రేవును వాడుకొనుటకు నిజామునకు హక్కు వ్రాసియిచ్చిరి గాని, రేవునకు పోవు దారి పరులదే. రైలు 1874లో వాడి నుండి సికింద్రాబాదునకు, 1889 నాటికి బెజవాడకు వచ్చి, కొంత ఊపిరి పోసినది. 82 వేల చదరపు మైళ్లకు పైబడిన ఆ హైదరాబాదు సంస్థానము తన చివరి దినములలో గోవా రేవును పోర్చుగీసువారి నుండి పొందుటకు చేసిన ప్రయత్నములు ఫలింపలేదు. 1948లో సంస్థానము భారతదేశమున కలిసినది. 1956లో దాని తెలుగు జిల్లాలు ఆంధ్రప్రదేశమున చేరినవి. 2014 జూన్ 2న తెలంగాణము వేరు రాష్ట్రమైనది. దీని వైశాల్యము 1,12,077 చదరపు కిలోమీటర్లు. ఉత్తరమున మహారాష్ట్రము, ఛత్తీసుగఢము, పడమట కర్ణాటకము, దక్షిణమున, తూర్పున ఆంధ్రప్రదేశము. ఎటు చూచినను నేలయే.

ఇక నేల స్వరూపమునకు వచ్చెదము. పిల్లలారా, గోదావరి ఎచ్చట పుట్టును? నాసికము దగ్గర త్ర్యంబకమున. అచ్చటికి పడమటి సముద్రము ఇంచుమించు 80 కిలోమీటర్లే. అయినను ఆ నది దగ్గరి సముద్రమునకు వీపు త్రిప్పి, 1,465 కిలోమీటర్లు నడచి, తూర్పు సముద్రమున కలియుచున్నది. కారణము, పడమటి కనుమలు గోడవలె లేచియుండగా వాని వెనుక దక్కను పీఠభూమి తూర్పునకు వాలియుండుటయే. మీ తపతి ఇందుకు మారుగా నడచినది. మధ్యప్రదేశమున ముల్తాయి వద్ద పుట్టి, సాత్పురా కొండల ప్రక్కనున్న లోయను పట్టుకొని, పడమటకు 724 కిలోమీటర్లు పారి, ఈ నగరమును తడిపి ఖంబాతు అఖాతమున చేరును. మన మంజీర పొడవును ఇంచుమించు అంతే. కాని మంజీర సముద్రమును చూడదు. బీడు జిల్లా బాలాఘాటు కొండలలో పుట్టి, మెదకు సీమలో మలుపు తిరిగి ఉత్తరమునకు పోయి, కందకుర్తి వద్ద గోదావరి ఒడిలో పడును.

గోదావరి ఉత్తరపు అంచును పట్టుకొని పోవును. కృష్ణ దక్షిణపు అంచున పోవును. నడుమనున్న నేల ఎత్తు. హైదరాబాదు సముద్రమట్టమునకు సుమారు 540 మీటర్ల ఎత్తున నుండగా, భద్రాచలము వద్ద నేల సుమారు 50 మీటర్ల ఎత్తుననే యున్నది. ఇంటి రెండు ప్రహరీల వెంట రెండు కాలువలు పారుచుండగా, ఇల్లు మాత్రము ఎత్తైన అరుగు మీద నున్నట్లు ఊహింపుడు. నీరు కంటికి కనబడును, కుండకు అందదు. తెలంగాణపు కష్టసుఖములు చాలమట్టునకు ఈ ఒక్క మాటలో ఇమిడియున్నవి.

వర్షము లేకపోలేదు. సగటున ఏటికి 900 మిల్లీమీటర్లు కురియును. కాని అందులో అయిదింట నాలుగు వంతులు నైరుతి ఋతువుననే పడును. ఆదిలాబాదు అడవులలో ఎక్కువ, పాలమూరు సీమలో తక్కువ. పడిన నీటిని నేల త్రాగునా యన్న, క్రింద నున్నది గ్రానైటు. హైదరాబాదు చుట్టును గుండు మీద గుండు పేర్చినట్లున్న ఆ రాయి 250 కోట్ల ఏండ్ల నాటిది. ఇసుకనేల నీటిని దూదివలె పీల్చుకొనును; గ్రానైటులో నీరు నిలుచునది పగుళ్లలోనే. ఆ పగుళ్లను నింపకయే బోరులతో తోడుచుపోయినచో, నేటి బోరు రేపటికి ఎండును. పైగా ఆ రాతిలోని ఫ్లోరైడు నల్లగొండ బావులలో కరగి ఎందరి పండ్లను, ఎముకలను చెరచినది. ఆ నీటిని పటిక, సున్నము కలిపి శుద్ధిచేయు విధానమునకు నల్లగొండ పద్ధతి యనియే లోకమున పేరు నిలిచినది. ఒక జిల్లా పేరు ఇట్లు శాస్త్రగ్రంథముల కెక్కుట గర్వించవలసిన సంగతియో దుఃఖించవలసిన సంగతియో నేను చెప్పలేను.

ఈ నేల గుణమును మన పూర్వులు పుస్తకము లేకయే గ్రహించిరి. పాకాల, రామప్ప, లక్నవరము మొదలగు కాకతీయుల నాటి చెరువులు అందుకు సాక్షులు. రెండు గుట్టల నడుమ కట్ట వేసి వాగును ఆపిరి. చెరువు నిండినచో మత్తడి దుంకి నీరు క్రింది చెరువునకు పోవును. అది నిండిన, దాని క్రిందిదానికి. ఇవే గొలుసుకట్టు చెరువులు. తూము నుండి నీరు పొలమునకు వదలుట నీరటికాని పని. నిలిచిన నీరు మెల్లగా పగుళ్లలోనికి దిగి ఊరి బావులను నింపును. వేసవిలో తీసిన పూడికమట్టి చేలకు ఎరువగును. రాష్ట్రమున ఇట్టి చెరువులు, కుంటలు 46 వేలకు పైగా లెక్కకు వచ్చినవి. కట్టలు తెగి, పూడికలు నిండి, గొలుసు ఎచ్చట తెగినదో అచ్చటి నుండి ఊళ్లు ఎండినవి. వీనిని బాగుచేయుటకు 2015లో మిషన్ కాకతీయ మొదలైనది.

నదిని పైకెత్తు ప్రయత్నములును జరిగినవి. మంజీర మీద 1931లో నిజాంసాగరము పూర్తియైనది. కృష్ణ మీద నాగార్జునసాగరమునకు 1955 డిసెంబరు 10న నెహ్రూగారు శంకుస్థాపన చేసిరి. 2019 జూన్‌లో ప్రారంభమైన కాళేశ్వరము ఎత్తిపోతల పథకము, సుమారు 100 మీటర్ల మట్టముననున్న మేడిగడ్డ నుండి గోదావరి నీటిని మెట్టు మెట్టుగా 600 మీటర్లకు పైగా ఎక్కించుటకు తలపెట్టినది. 2023 అక్టోబరులో మేడిగడ్డ బ్యారేజి స్తంభములు కొన్ని క్రుంగినవి. దోషము ఎవరిదను చర్చ ఈ వేదికకు తగదు. నీటిని ఎత్తుటకు విద్యుత్తు కావలెను, విద్యుత్తునకు ధనము కావలెను, కట్టడమునకు గట్టి పునాది కావలెను. ఇన్నిటితో ఎత్తిన నీటి విలువ, వానగా పడినచోటనే నిలిపిన నీటి విలువను గుర్తుచేయవలెను. ఒకటి రెండవదానికి తోడు కాగలదు గాని, మారు కాజాలదు.

ఇక భూగర్భ నిధులు. తాండూరు నాపరాళ్లను మీరందరు చూచియుందురు. నల్లగొండ, సూర్యాపేట ప్రాంతముల సున్నపురాతితో సిమెంటు చేయుచున్నారు. ఈ రాళ్లు కోట్లకొలది ఏండ్ల క్రిందట లోతు లేని సముద్రముల అడుగున పేరుకొన్న ఒండ్రు. సముద్రము లేదని మనము చింతించు నేలలోనే ఒక ప్రాచీన సముద్రము రాయియై పండుకొనియున్నది. మనము దానిని బస్తాలకెత్తి అమ్ముచున్నాము!

గోదావరి లోయలో వేరొక కథ జరిగినది. 25 కోట్ల ఏండ్లకు పూర్వము అచ్చట నేల క్రుంగి, అడవులు బురదలో కూరుకొని, బొగ్గుగా మారినవి. 1871లో భూగర్భ సర్వేక్షణ శాఖకు చెందిన విలియం కింగు ఇల్లెందు ప్రాంతమున ఆ బొగ్గును గుర్తించెను. 1920లో సింగరేణి కాలరీస్ కంపెనీ ఏర్పడినది. నేడు అందులో రాష్ట్ర ప్రభుత్వమునకు నూటికి 51, కేంద్ర ప్రభుత్వమునకు 49 పాళ్లు కలవు. కావున కేంద్ర ఉద్యోగులమైన మీకును ఆ బొగ్గులో కొంత బాంధవ్యమున్నది. ఏటా ఆరేడు కోట్ల టన్నులు త్రవ్వుచున్నారు.

పడమటి అంచున, ఆదిలాబాదున, జహీరాబాదున నల్లని బసాల్టు రాయి కనబడును. అది సుమారు 6 కోట్ల 60 లక్షల ఏండ్ల క్రిందట దక్కను మీద పొరలు పొరలుగా పారిన లావా. తపతి లోయ ఎగువన నున్న రాయియు అదియే. దాని నుండి పుట్టినదే పత్తికి ప్రీతియైన నల్లరేగడి. తక్కిన చోట్ల ఎఱ్ఱని చల్క నేలలు. అవి జొన్నను, ఆముదమును, కందిని పోషించినవి. అడవి భూమి రాష్ట్రమున నాలుగవ వంతుకు కొంచెము తక్కువ: ప్రాణహిత ఒడ్డున టేకు, నల్లమలలో పులులు, అంతటను బీడీ ఆకు.

ఇంత సంపద యుండగా తీరము లేని లోటు ఎచ్చట తగులును? బరువు వద్ద తగులును. కరీంనగరు గ్రానైటు దిమ్మె చైనాకు పోవలెనన్న, ముందు కాకినాడ వంటి రేవునకు నేలమీదుగా పోవలెను. ప్రతి మైలునకు కూలి పెరుగును. లోకమున తీరము లేని దేశములు నలుబదికి పైగా కలవు. నేపాలు తన సరుకునకు కలకత్తా మీదను, 2016 ఒప్పందము తరువాత మన విశాఖపట్నము మీదను ఆధారపడుచున్నది. స్విట్జర్లాండునకును తీరము లేదు. కాని అది బరువు తక్కువై విలువ ఎక్కువైన గడియారమును చేయ నేర్చినది.

ఈ పాఠము మన పూర్వులకు తెలియనిది కాదు. నిజామాబాదు సీమలోని కోనసముద్రమున మూసలలో కరగించిన ఉక్కు, పారశీకమునకు పోయి కత్తులైనది. ఆ గ్రామపు కొలుములను ఇంగ్లీషు వైద్యుడు వాయిసీ పందొమ్మిదవ శతాబ్ది తొలిభాగమున చూచి వర్ణించెను. ఇనుపరాతిని పంపలేదు, ఉక్కును పంపిరి. నేడు రామగుండమున 2,600 మెగావాట్ల విద్యుత్కేంద్రము చేయుచున్నదియు అదియే: బొగ్గును దూరదేశములకు మోయక, గని దగ్గరనే కాల్చి, వెలుగుగా మార్చి తీగెల మీద పంపుట. మరియు మీ కన్నుల యెదుటనున్న సూరతును చూడుడు. ఈ ఊరిలో వజ్రపు గని లేదు. అయినను ప్రపంచమున సానపట్టబడు వజ్రములలో అత్యధిక భాగము ఇచ్చటనే మెరుగు దిద్దుకొనుచున్నవి. గోలకొండ కోటలోను గని లేదు. కృష్ణ ఒడ్డున దొరకిన రాళ్లకు అది అంగడి. ప్రకృతి ఇచ్చినది సగము సంపద. మిగిలిన సగము మనుష్యుని వ్రేళ్లలో నున్నది.

వ్రేళ్ల మాట వచ్చినది గనుక, తెలంగాణము పోగొట్టుకొన్న గొప్ప నిధిని గూర్చి చెప్పవలెను. అది బొగ్గు కాదు, రాయి కాదు. మగ్గము మీద కూర్చున్న మనుష్యుడు. కరీంనగరు, వరంగలు, నల్లగొండ సీమల నుండి పద్మశాలీలు షోలాపురమునకు, భివండికి, ఈ సూరతునకు తరలివచ్చిరి. చేతిమగ్గపు బట్టకు గిరాకి తగ్గుట ఒక కారణము. వానలు తప్పి ఊరు ఎండుట ఇంకొకటి.

నిన్న సాయంకాలము లింబాయతు వీధులలో తిరుగుచుండగా ఒక వృద్ధుడు నా తెలుగు విని దగ్గరకు వచ్చెను. నలువది ఏండ్ల క్రిందట కరీంనగరు వైపు నుండి వచ్చి మరమగ్గము నడిపినవాడు. నా ఊరు, పేరు అడుగలేదు. “సారూ, ఈసారి మా దిక్కు చెరువులు మత్తడి దుంకినయంటున్నరు, నిజమేనా?” అని అడిగెను. చాల చోట్ల దుంకినవని చెప్పితిని. ఆయన కొంతసేపు ఊరకుండి, “నలభై ఏండ్ల కింద దుంకితే మేమెందుకొద్దుము సారూ” అనెను. ప్రక్కనే నిలిచిన మనుమడు మత్తడి యన నేమి తాతా యని అడిగెను. ముసలివాడు చేతులతో కట్టను, నీటిని గాలిలో చూపబోయి, నవ్వి ఊరకుండెను.

రాత్రి చాలసేపు ఆ బాలుని ప్రశ్న నన్ను విడువలేదు. నీరు పోయిన నేలకు మరల వాన రావచ్చును. మనుష్యుడు పోయిన ఊరికి, వాని మనుమనికి ఆ ఊరి చెరువు పేరు కూడ తెలియకున్నచో, తిరిగివచ్చు త్రోవ ఏది? ఇల్లు విడిచి వచ్చుట తప్పని నేననను. ఈ నగరము వారికి అన్నము పెట్టినది, గౌరవమిచ్చినది. ఎత్తున పడిన నీరు పల్లమునకు పోవుట సహజము. చెరువుకట్ట పని నీటిని శాశ్వతముగా బంధించుట కాదు. పోవు ముందు కొంత నేలలోనికి దింపుట. అట్టి కట్టయే మనమును వేయగలము.

ఈ నగరపాలక సంస్థ పాఠశాలలలో తెలుగు మాధ్యమము కలదు. ఇది సామాన్యమైన మేలు కాదు. మన సంఘము నుండి వారమునకొకరు, సెలవు దొరకినప్పుడు, ఆ పాఠశాలలకు పోయి పటము ముందు నిలుచుడని నా విన్నపము. తాత ఊరు పటములో ఎచ్చటనున్నది, ఆ ఊరి వాగు ఏ నదిలో కలియును, చల్క నేల యన నేమి, మత్తడి యన నేమి – ఇంత చెప్పిన చాలును. మీలో బందరువారు, కాకినాడవారు, విశాఖవారు కలరు. మీరు సముద్రమును గూర్చి చెప్పుడు. మేము సముద్రము లేని సీమను గూర్చి చెప్పెదము. తెలుగు నేలకు ఈ రెండును కావలెను.

పరరాజ్యముల నడుమ చిక్కిన దేశమునకు, ఒక సమాఖ్యలోని రాష్ట్రమునకు ఒక భేదమున్నది. మొదటిది రేవునకు పోవుటకు పొరుగువాని అనుమతి కోరవలెను. రెండవదానికి దేశపు రేవులన్నియు తనవే. మీలో రైల్వేలో, తపాలాలో, కస్టమ్సులో పనిచేయువారు ప్రతిదినము చేయుచున్నది ఆ సముద్రమును లోనాటి ఊరికి చేర్చుటయే. ఒకప్పుడు లంబాడీ ఎద్దు మోసిన ఉప్పును నేడు మీ శాఖలు మోయుచున్నవి. ఆ ఎద్దు తిరుగుప్రయాణమున వట్టి వీపుతో పోయెడిది కాదట. లోనాటి ధాన్యమును తీరమునకు కొనిపోయెడిది. మీరును ఇచ్చటి నుండి సెలవులకు ఊరికి పోవునప్పుడు పిల్లలను వెంటబెట్టుకొని ఒకసారి చెరువుకట్ట మీదకు ఎక్కింపుడు. వారు అచ్చటి నుండి మోసికొని రాదగినది ఎంతో కలదు.